అమ్మ డబ్బాలో నాలుగు చెవి మిషన్లు

మా అమ్మ దగ్గర ఒక గుండ్రటి రేకు డబ్బా ఉంది. మా తమ్ముడు పుట్టినప్పుడు చూడ్డానికొచ్చిన వాళ్లెవరో బిస్కెట్లతో తెచ్చిన డబ్బా. బిస్కెట్లు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు అందులో సూదులు, దారపుండలు, జాకెట్ హుక్కులు, ఏ తాళానివో తెలియని తాళంచెవులు ఉంటాయి. వాటి కింద నాలుగు చెవి మిషన్లు ఉంటాయి. ఏదీ పారెయ్యదు. "డబ్బులు పోసి కొన్నవి కదే" అంటుంది. మొదటిది డబ్బులు పోసి కొన్నది కాదని గుర్తు చేస్తే "దానికోసం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎండలో నిలబడ్డానుగా" అంటుంది.

కిందటేడు ఒక సదస్సులో భోజనాల దగ్గర ఒక స్నేహితురాలు నా చెవి వెనక మిషను చూసి ఒక ప్రశ్న అడిగింది. "చదువుకునే కళ్లజోడు ఫుట్‌పాత్ మీద నూటయాభైకి కొనుక్కుంటాం. ఎవరి చీటీ అక్కర్లేదు. మరి చెవి మిషనుకి ఇంత తతంగం ఎందుకు? దాన్ని వైద్య పరికరం అనడమెందుకు? ఇదంతా డాక్టర్ల, కంపెనీల పెత్తనం కాదూ?" స్త్రీల ఆరోగ్య ఉద్యమాల్లో పాతికేళ్లు తిరిగిన మనిషి ఆమె. వైద్యం పేరుతో మన శరీరాల మీద జరిగే పెత్తనం గురించి నాకంటే బాగా తెలుసు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అవునని అందామంటే అమ్మ రెండో మిషను గుర్తొచ్చింది. కాదందామంటే నాలుగోది గుర్తొచ్చింది. అందుకే ఆ డబ్బా ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

అమ్మకి వినికిడి తగ్గడం 1990లో తమ్ముడు పుట్టిన తర్వాత మొదలైంది. అప్పటికి అమ్మకి ముప్ఫై ఏళ్లు. మొదట గుసగుసలు అందలేదు. తర్వాత పక్కగదిలోంచి పిలిస్తే పలకలేదు. ఇంట్లోవాళ్లు కారణం కనిపెట్టడానికి ఎక్కువ సేపు పట్టలేదు. బాలింతగా ఉన్నప్పుడు చెవుల్లో దూది సరిగ్గా పెట్టుకోలేదు, తలకి గుడ్డ కట్టుకోమంటే ఉక్కపోస్తోందని విప్పేసింది, గాలి దూరింది. మా నాయనమ్మ ఈ మాట ఎంత నమ్మకంగా చెప్పేదంటే, అమ్మ కూడా చాలా ఏళ్లు అదే నమ్మింది. ఒక ఆడమనిషికి జబ్బు చేస్తే, అది ఎలా వచ్చిందో అన్నదానికంటే ఆమె ఏ నియమం తప్పిందన్నదే ముందుగా చర్చకొస్తుంది.

మొదటి మిషను 1996లో వచ్చింది. మండలాఫీసు ఆవరణలో షామియానా వేసి పంచారు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ చెయ్యి పట్టుకుని వరసలో నిలబడడం గుర్తుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పెట్టె, దానికొక తీగ, తీగ చివర చెవిలో దోపుకునే గుండీ. లోపల పెన్సిలు సెల్లు. పెట్టె వెనక ఒక క్లిప్పు. అది చొక్కా జేబుకి తగిలించుకోడానికి.

అమ్మకి జేబు లేదు.

ఈ సంగతి దాన్ని తయారుచేసినవాళ్లకి తట్టలేదు. చీర కట్టుకునే మనిషి ఆ పెట్టెని ఎక్కడ పెట్టుకోవాలి? అమ్మ జాకెట్లో దోపుకునేది. మైకు ఆ పెట్టెలోనే ఉంటుంది కాబట్టి పమిట కదిలినప్పుడల్లా చెవిలో గరగరమని చప్పుడు. వంటింట్లో చెమటకి తడిసి ఆగిపోయేది. తీగ మెడ మీద నుంచి కనపడుతుంటే మంగళసూత్రం గొలుసుకి చిక్కుపడేది. నాన్న చొక్కా జేబులో పెట్టుకుంటే అది హాయిగా పనిచేసి ఉండేది. కానీ నాన్నకి చెవులు బాగానే వినపడేవి. మూడు నెలలకి అది డబ్బాలోకి వెళ్లిపోయింది. "ఇచ్చినా పెట్టుకోదు" అన్నారు ఇంట్లో.

రెండోది 2006లో కొన్నాం. నేను డిగ్రీ చదువుతున్నాను. అమ్మ చీటీ పాడిన డబ్బుల్లోంచి తొమ్మిది వేలు పెట్టి పట్నంలో ఒక దుకాణంలో తీసుకున్నాం. కళ్లజోళ్లు, గడియారాలు అమ్మే దుకాణం అది. అక్కడి కుర్రాడు మర్యాదస్తుడే. అమ్మ చెవి వెనక దాన్ని తగిలించి, చిన్న చక్రం తిప్పుతూ "వినపడుతోందా అమ్మా?" అని అడిగాడు. అమ్మ "వినపడుతోంది బాబూ" అంది. పరీక్ష అంతే. చెవిలోకి ఎవరూ చూడలేదు. ఏ స్థాయిలో ఎంత వినపడుతోందో కొలవలేదు. మిషనుకీ చెవికీ మధ్య ఉండే అచ్చు అమ్మ చెవి కొలతకి చేసింది కాదు, అందరికీ వాడే రబ్బరు బిరడా. అచ్చు వదులుగా ఉంటే బయటికొచ్చిన శబ్దం తిరిగి మైకులోకి దూరి ఈల వేస్తుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు మాత్రం అది ఈల వేస్తే ఇంట్లో అందరూ నవ్వేవాళ్లు. మా పిన్ని కూతురి పెళ్లిలో సరిగ్గా మంగళసూత్రం కట్టే సమయానికి అమ్మ చెవి కూసింది. చుట్టూ ఉన్నవాళ్లు తలలు తిప్పి చూశారు. అమ్మ చెయ్యి పైకెత్తి జుట్టు సర్దుకున్నట్టు దాన్ని తీసేసి రుమాల్లో కట్టుకుంది.

ఇంకో సంగతి అమ్మ చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఆ మిషను అన్నిటినీ ఒకేలా పెంచేది. మనుషుల మాటలు కొంచెం దగ్గరయ్యేవి. కుక్కరు కూత, స్టీలు గిన్నె కిందపడ్డ చప్పుడు తలలో మేకులా దిగేవి. రోజూ సాయంత్రానికి తలనొప్పి. "మరి ఎందుకు చెప్పలేదమ్మా?" అంటే "నాకే వాడటం చేతకాలేదనుకున్నా" అంది. దూది విషయంలో ఎవరు తప్పు చేశారో, ఇక్కడా వాళ్లే తప్పు చేశారన్నమాట.

మన భాషలో చెవిటితనం మీద ఉన్నన్ని సామెతలు గుడ్డితనం మీద కూడా లేవేమో. చెవిటివాడి ముందు శంఖం అంటాం. చెవిటి పెద్దమ్మా చేంతాడు తేవే అంటే చెవులపోగులు నా జన్మాన ఎరగనందట అని నవ్వుకుంటాం. స్త్రీల ఆత్మకథల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో ఈ రెండో సామెత నన్ను చాలాకాలం వెంటాడింది. అందరూ ఆమె తప్పు విన్నదని నవ్వుతారు. ఆమె ఏమన్నదో ఎవరూ వినరు. జన్మలో చెవులపోగులు పెట్టుకుని ఎరగనని ఒక ముసలావిడ చెప్తోంది. బావి దగ్గర నీళ్లు తోడే పనికోసం తాడు తెమ్మని కేకేస్తే, ఆమెకి ఒంటిమీద బంగారం గురించి అడుగుతున్నారేమోనన్న భయం కలిగింది. ఆ సామెతలో వినికిడి లోపం ఉన్నది ఒక్క పెద్దమ్మకేనా?

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు రచయిత్రి హారియెట్ మార్టినో చిన్నప్పట్నుంచీ వినికిడి కోల్పోయిన మనిషి. పెద్దయ్యాక చెవికి బాకా పెట్టుకుని సభల్లో, ప్రయాణాల్లో అందరిముందూ తిరిగింది. 1834లో తనలాంటి వాళ్లనుద్దేశించి ఒక లేఖ కూడా ప్రచురించింది. దాచుకోవద్దని అందులో చెప్పింది. అదే మనిషి, పక్కవాళ్లకి భారమవుతుందని, ఏమన్నారు అని ఎవర్నీ అడగకూడదని యవ్వనంలోనే నిశ్చయించుకుందట. ఆత్మకథలో ఆ సంగతి చదివినప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కూడా మళ్లీ చెప్పమని అడగదు. నవ్వుతుంది. ఆ నవ్వుని మేమంతా జవాబుగా తీసుకుని మా పనుల్లోకి వెళ్లిపోయేవాళ్లం.

మూడో మిషను 2014లో. హైదరాబాదులో పిహెచ్.డి చేస్తున్న నేను అమ్మని బలవంతంగా తీసుకొచ్చి ఒక చెవి డాక్టరుకి చూపించాను. ఆవిడ ముందు చెవిలోకి దీపం వేసి చూసింది. గుబిలి లేదు, చీము లేదు, కర్ణభేరి శుభ్రంగా ఉంది. తర్వాత ఒక శ్రుతిదండాన్ని మోగించి ఒకసారి చెవి ముందు, ఒకసారి చెవి వెనక ఎముక మీద పెట్టి ఎక్కడ ఎక్కువ వినపడుతోందో అడిగింది. ఎముక మీదే ఎక్కువ అంది అమ్మ. అప్పుడావిడ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "కాన్పు తర్వాత మొదలైందా అమ్మా?"

ఇరవైనాలుగేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. అడిగిన తీరులో నింద లేదు.

దాని పేరు ఓటోస్క్లెరోసిస్. మధ్యచెవిలో గుర్రపు రికాబు ఆకారంలో ఒక చిన్న ఎముక ఉంటుంది. మన శరీరంలో అన్నిటికంటే చిన్న ఎముక అదే, మూడు మిల్లీమీటర్లు. కర్ణభేరి దగ్గర్నుంచి వచ్చే కదలికని అది లోపలి చెవికి అందిస్తుంది. ఈ జబ్బులో దాని చుట్టూ కొత్త ఎముక పెరిగి అది బిగుసుకుపోతుంది. శబ్దం తలుపు దాకా వస్తుంది, తలుపు తెరుచుకోదు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువ. కుటుంబాల్లో నడుస్తుంది. గర్భంతో దాని సంబంధం ఎంతవరకన్నది వైద్యుల్లో ఇప్పటికీ తేలని వాదనే గానీ, చాలామంది స్త్రీలు దాన్ని కాన్పుల రోజుల్లోనే గమనిస్తారు. బిగిసిన ఎముక బదులు చిన్న కృత్రిమ కడ్డీ పెట్టే ఆపరేషను ఉంది. అది దశాబ్దాలుగా జరుగుతున్నదే. "ముప్ఫై అయిదేళ్లప్పుడు వచ్చుంటే చాలావరకు బాగయ్యేది. ఇప్పుడు లోపలి నరం కూడా కొంత దెబ్బతింది. మిషనే మేలు" అంది డాక్టరు.

అమ్మ ఆ మాటలన్నీ వినలేదు. ఆవిడ నా వైపు తిరిగి చెప్పింది. అన్నీ అమ్మకి చెప్పానా అంటే, చెప్పలేదు. ముప్ఫై అయిదేళ్లప్పుడు అన్న భాగం దాచుకున్నాను. అమ్మకి ముప్ఫై ఆరేళ్లప్పుడే కదా మండలాఫీసు శిబిరంలో మిషను ఇచ్చి పంపింది! ఆ రోజు ఎవరో ఒకరు శ్రుతిదండం మోగించి ఉంటే?

తర్వాత శబ్దం చొరబడని గదిలో అమ్మని కూర్చోబెట్టి ఒక అమ్మాయి గంటసేపు పరీక్ష చేసింది. కాస్త మేలుగా ఉన్న చెవిలో లోపం 58 డెసిబెళ్లు. 1995 వికలాంగుల చట్టం ప్రకారం మేలైన చెవిలో 60 ఉంటేనే లెక్కలోకి వస్తారు. రెండు డెసిబెళ్ల తేడాతో అమ్మ చట్టం దృష్టిలో ఆరోగ్యవంతురాలైంది. 2016లో వచ్చిన కొత్త చట్టం కూడా మందంగా వినేవాళ్లంటే రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెళ్ల లోపం ఉన్నవాళ్లనే చెప్పింది. వంటింట్లోంచి హాల్లోకి మాట అందకపోవడానికి అంత లోపం అక్కర్లేదు.

చెవి కొలతకి అచ్చు చేయించి, అమ్మ గ్రాఫ్ చూసి కంప్యూటరుతో సరిచేసిన డిజిటల్ మిషను పెట్టారు. జత ధర అరవైనాలుగు వేలు. రెండు చెవులకీ పెట్టుకుంటేనే శబ్దం ఎటునుంచి వస్తోందో తెలుస్తుందని, గోలలో మాట విడిగా వినపడుతుందని ఆ అమ్మాయి ఎంతో ఓపిగ్గా చెప్పింది. అమ్మ "ఒక చెవికి చాల్లే" అంది. నాన్న నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. ఒక చెవికే కొన్నాం. మగవాళ్ల రాతల్లో ఆడవాళ్ల మౌనం గురించి అప్పుడు నా థీసిస్‌లో మూడో అధ్యాయం రాస్తున్నాను. ఆ ఏడాదే నాన్న రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషను చేయించుకున్నారు. ఒక కంటికి చాలని ఎవరూ అనలేదు.

నాలుగోది అమెరికాది. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. 2023లో వస్తూ ఒక డబ్బా తెచ్చాడు. "అక్కా, అక్కడ ఇప్పుడు ఇవి మందులషాపులో దొరుకుతున్నాయి. డాక్టరు అక్కర్లేదు, పరీక్ష అక్కర్లేదు. ఫోన్లో యాప్ పెట్టుకుని మనమే సరిచేసుకోవచ్చు" అన్నాడు. కొన్ని వందల డాలర్లు. అక్కడ పద్ధతి ప్రకారం పరీక్షతో కొనే జతతో పోలిస్తే చాలా తక్కువ.

ఆ కథ కొంచెం చెప్పాలి. 1977లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక నియమం పెట్టింది. మిషను కొనేముందు వైద్యుడు చెవి చూడాలి, పెద్దవాళ్లు కావాలంటే నాకు అక్కర్లేదని కాగితం మీద సంతకం పెట్టి తప్పించుకోవచ్చు. కాలక్రమేణా ఆ సంతకమే ఆచారమైపోయింది. 2016 డిసెంబరులో, పెద్దవాళ్ల విషయంలో ఈ నియమాన్ని ఇక అమలు చెయ్యబోమని ఎఫ్‌డీఏ ప్రకటించింది. 2017లో ఎలిజబెత్ వారెన్, చక్ గ్రాస్లీ అనే ఇద్దరు సెనేటర్లు, ఎదురెదురు పార్టీలవాళ్లు, కలిసి తెచ్చిన చట్టం వచ్చింది. దాని నియమాలు 2022 అక్టోబరు 17 నుంచి అమల్లోకి వచ్చాయి. పద్దెనిమిదేళ్లు దాటి, స్వల్పం నుంచి మధ్యస్థం దాకా లోపం ఉందని తమకి అనిపించినవాళ్లు చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. 2024 సెప్టెంబరులోనైతే ఆపిల్ కంపెనీ ఎయిర్‌పాడ్స్ ప్రో 2 అనే ఇయర్‌ఫోన్లని ఇలాంటి చెవి మిషనుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి కూడా అనుమతి వచ్చింది.

నా స్నేహితురాలు దీన్నే స్వేచ్ఛ అంటుంది. కానీ డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉన్నది చదివితే నాకు ఇంకొకటి కనిపించింది. చీటీ తీసేశారు గానీ నియంత్రణ తీసెయ్యలేదు. ఆ మిషన్లు అక్కడి చట్టంలో ఇప్పటికీ వైద్య పరికరాలే. శబ్దం 111 డెసిబెళ్లు దాటకూడదు, పెద్ద శబ్దాల్ని తనంతట తాను అదుపుచేసే ఏర్పాటుంటే 117. పిల్లలకి అమ్మకూడదు. చెవిలోంచి రసి, రక్తం, నొప్పి, తల తిరగడం, ఉన్నట్టుండి వినపడకపోవడం, ఒక చెవికే లోపం ఉండడం — ఇలాంటివుంటే ముందు డాక్టరుకి చూపించుకోమని డబ్బా మీదే రాయాలి. వినికిడి బాగానే ఉన్నవాళ్లు సరదాకి, పక్షుల కూతలు వినడానికి వాడే శబ్దం పెంచే పరికరాలు వేరు. వాటిని చెవి మిషన్లని అమ్మకూడదు. కళ్లజోడుతో పోలిక ఇక్కడే తేలిపోతుంది. ఫుట్‌పాత్ కళ్లద్దం సరిపోకపోతే తల నొప్పెడుతుంది, తీసేస్తాం. కంటిచూపు దానివల్ల పోదు. అదుపులేని మిషను మిగిలున్న వినికిడిని కూడా తినేస్తుంది. అమ్మ చెవిలో లోపలి నరం దెబ్బతినడంలో జబ్బు వాటా ఎంతో, తొమ్మిది వేల మిషను వాటా ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పగలవాళ్లెవరూ లేరు.

తమ్ముడు తెచ్చింది అమ్మకి పనికిరాలేదు. అప్పటికి ఆమె లోపం 70 దాటింది. పైగా యాప్ అంతా ఇంగ్లీషు. అమ్మ ఫోను పట్టుకుని "ఇది నాతో ఏం మాట్లాడుతోందే?" అంది. సరే, అసలు పనిచేస్తోందో లేదో చూద్దామని నేను నా చెవుల్లో పెట్టుకున్నాను.

గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది.

ఆ గడియారం ఆగిపోయిందని, తిరిగినా చప్పుడు చెయ్యదని అనుకుంటున్నాను నేను. నాలుగేళ్లుగా. పక్కగదిలో నా కూతురు తనలో తాను ఏదో కథ చెప్పుకుంటోంది. ఒక్కొక్క మాటా వినపడుతోంది. పాప 2019లో పుట్టింది. అప్పట్నుంచి క్లాసులో వెనక బెంచీవాళ్లు గొణుగుతున్నారని, మా ఆయన మాట మింగేస్తున్నాడని, ఫోన్లు నాసిరకమైపోయాయని విసుక్కుంటున్నాను. లోకమంతా గొంతు తగ్గించేసిందనుకున్నాను గానీ నా చెవి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. అమ్మని అన్నేళ్లు దగ్గర్నుంచి చూసిన నేను!

ఇప్పుడు నా స్నేహితురాలి ప్రశ్న ఎందుకు కష్టమైందో అర్థమవుతుంది. నా చెవి సంగతి నాకు చెప్పింది ఏ డాక్టరూ కాదు. చీటీ లేకుండా కొన్న పరికరం. అది లేకపోతే నేను ఇంకో పదేళ్లు లోకం మీద విసుక్కుంటూనే ఉండేదాన్ని. కానీ అది చెప్పగలిగింది తక్కువగా వినపడుతోందన్న ఒక్క ముక్కే. ఎందుకు తక్కువో చెప్పలేదు. దాన్నే పెట్టుకుని ఊరుకుని ఉంటే అమ్మ కథే మళ్లీ మొదలయ్యేది. నేను 2014 నాటి ఆ డాక్టరు దగ్గరికే వెళ్లాను. మళ్లీ శ్రుతిదండం. మళ్లీ ఎముక మీదే ఎక్కువ. "కాన్పు తర్వాత..." అని ఆవిడ మొదలుపెట్టగానే "అవునండీ" అన్నాను. నా లోపం ఇంకా 45 దగ్గరే ఉంది. నరం బాగుంది. ఆపరేషను చేయించుకోవచ్చు, లేదా మిషను పెట్టుకోవచ్చు. ప్రస్తుతానికి మిషను పెట్టుకున్నాను. ఆలోచించుకునే వ్యవధి నాకుంది. అమ్మకి ఆ వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.

మన దేశం సంగతేమిటి? కాగితం మీద మన దగ్గర చెవి మిషను వైద్య పరికరమే. 2017లో వైద్య పరికరాల నియమాలు వచ్చాయి, 2018 జనవరి నుంచి అమలయ్యాయి. 2020 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషనుతో ఆ ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ 1940 నాటి మందుల చట్టం కిందకొచ్చాయి. దీనివల్ల తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసుకునేవాళ్లు ప్రభుత్వానికి జవాబుదారీ అవుతారు. మంచిదే. కానీ ఆ మిషనుని ఎవరి చెవికి ఎవరు ఎలా పెడుతున్నారన్నది ఆ నియమాల్లో పట్టే సంగతి కాదు. దానికి 1992 నాటి పునరావాస మండలి చట్టం వేరే ఉంది. వినికిడి పరీక్షలు చేసేవాళ్లు, చెవి అచ్చులు చేసే టెక్నీషియన్లు అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఒక చట్టం వస్తువుని చూస్తుంది, ఇంకొకటి మనిషిని చూస్తుంది. ఆ రెండిటికీ మధ్య ఉన్న ఖాళీలోనే 2006లో ఆ దుకాణపు కుర్రాడు నిలబడి చక్రం తిప్పాడు. ఇప్పుడు చక్రం తిప్పే కుర్రాడు కూడా అక్కర్లేదు, కొన్ని వందల రూపాయలకి శబ్దం పెంచే పరికరాలు ఇంటికే వస్తున్నాయి.

ధర సంగతీ అంతే. గుండెలో వేసే స్టెంట్లకి 2017 ఫిబ్రవరిలో, మోకాలి కీళ్లకి అదే ఏడాది ఆగస్టులో ప్రభుత్వం గరిష్ఠ ధరలు పెట్టింది. చెవి మిషను ఆ వరసలోకి రాలేదు. చెవి మిషను మీద జీఎస్టీ లేదు, వైద్య పరికరాలన్నిటికీ ఏడాదిలో పది శాతానికి మించి ధర పెంచకూడదన్న నియమం ఉంది. అయినా మొదటి ధరే అందనిదైతే పెంచకపోవడం ఎవరికి ఊరట? వినపడకపోవడంతో ఎవరూ చచ్చిపోరు కాబట్టి, నొప్పి ఉండదు కాబట్టి, ఎక్కువగా ముసలివాళ్లది కాబట్టి అది వాయిదా పడుతుంది. ఇంట్లో ఎవరి అవసరం వాయిదా పడుతుందో మనకి తెలియంది కాదు. ప్రపంచంలో 43 కోట్లమందికి వినికిడికి సంబంధించిన సాయం కావాలని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. అంతమందిలో ఎందరు "ఒక చెవికి చాల్లే" అని ఉంటారు?

మన ఉద్యమంలో రెండు ధోరణులూ ఉన్నాయి. నెట్-ఎన్ గర్భనిరోధక ఇంజెక్షను ప్రయోగాలకి వ్యతిరేకంగా 1986లో హైదరాబాదు స్త్రీ శక్తి సంఘటన మరికొన్ని సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లింది. అప్పుడు మనం అడిగింది రాజ్యం గట్టిగా నియంత్రించాలనే. స్త్రీల శరీరాలకి ఏం జరుగుతోందో వాళ్లకి చెప్పకుండా ఏదీ ఎక్కించకూడదనే. అదే మనం 'సవాలక్ష సందేహాలు' లాంటి పుస్తకంతో వైద్య జ్ఞానాన్ని డాక్టరు బల్ల మీంచి తీసి ఆడవాళ్ల చేతుల్లో పెట్టాం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలని నాకు అనిపించదు. రెండిట్లోనూ అడిగింది ఒకటే: నాకు తెలియాలి, నిర్ణయం నాది కావాలి. గర్భం నిర్ధారించే చిన్న కిట్ మందులషాపులో ఎవరి చీటీ లేకుండా కొనుక్కుంటాం. అది సరిగ్గా పనిచెయ్యాలని చూసే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే. ఫలితం చూసుకున్నాక ఏం చెయ్యాలో అడగడానికి ఒక ఆసుపత్రి ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే అది స్వేచ్ఛ. మొదటిది ఒక్కటే ఉంటే అది సంతే.

కాబట్టి నా స్నేహితురాలికి నా జవాబు ఇది. చెవి మిషనుని వైద్య పరికరంగానే చూడాలి. ఎంత గట్టిగా మోగాలి, డబ్బా మీద ఏ హెచ్చరికలు ఉండాలి, అబద్ధాలు చెప్పి ఎవరు అమ్మకూడదు అన్నవి చట్టమే చూడాలి. అవి తెలుగులో ఉండాలి. కానీ వైద్య పరికరం అన్నంత మాత్రాన వాకిట్లో కాపలా పెట్టక్కర్లేదు. స్వల్ప లోపం ఉన్న పెద్దవాళ్లని వాళ్ల మిషను వాళ్లని కొనుక్కోనివ్వొచ్చు. మండలంలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవిలోకి దీపం వేసి చూసి, శ్రుతిదండం మోగించి, "కాన్పు తర్వాత మొదలైందా అమ్మా?" అని అడిగే మనిషి ఒకరుండాలి. ఆ ప్రశ్న ఉచితంగా దొరకాలి. అది లేకుండా చీటీ అడగడం అన్యాయం, అది లేకుండా చీటీ తీసెయ్యడమూ అన్యాయమే. ఇక ఆ పరికరాన్ని జేబు లేనివాళ్లు కూడా పెట్టుకుంటారన్నది తయారుచేసేవాళ్లకి ఎవరైనా చెప్పాలి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లాను. రాత్రి పడుకునేముందు అమ్మా నేనూ మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని మిషన్లు తీసి తుడుచుకుంటున్నాం. నేను రెండు తీశాను. అమ్మ ఒకటి తీసింది. మిషన్లు తీసేశాక మేమిద్దరం మాట్లాడుకోవాలంటే దగ్గరగా జరిగి మొహాలు చూసుకుంటూ గట్టిగా మాట్లాడాలి. ఆ ఇంట్లో అంత గట్టిగా అమ్మ మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

"రెండు చెవులకీ పెట్టుకుంటే బాగుంటుందా?" అని అడిగింది.

"బాగుంటుందమ్మా. ఎటునుంచి పిలుస్తున్నారో తెలుస్తుంది."

అమ్మ చేతిలో ఉన్న మిషనుని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. ముప్ఫై అయిదేళ్లప్పటి మాట అప్పుడే చెప్పేశాను. ఆపరేషను అయ్యుండేదని, ఎవరూ చూడలేదని, దూది వల్ల కాదని. ఎంతసేపు ఏడుస్తుందోనని భయపడ్డాను. ఏడవలేదు.

"దూది వల్ల కాదన్నమాట" అంది. తర్వాత మిషనుని దాని పెట్టెలో పెట్టి మూత వేస్తూ, నా మొహంలోకి చూసి అడిగింది.

"అయితే నాకు ఆ రెండోది ఎప్పుడు కొంటావే?"